పింగాణీ తుంటి చప్పుడు

మార్చి 3, సోమవారం

ఇవాళ నా కాళ్లు నేల మీద ఆనడం లేదు. అమ్మడు పెళ్లి చేసుకుంటానంది! మళ్లీ రాస్తాను, రాస్తుంటే కడుపు నిండుతోంది. మా అమ్మడు పెళ్లి చేసుకుంటానంది!

నలభై రెండేళ్ల పిల్ల. పొడవాటి సిటీ బస్సును ఇరుకు మలుపుల్లో ఒంటిచేత్తో తిప్పే పిల్ల. డ్యూటీ దిగి వచ్చి, బూట్లు విప్పుకుంటూ, టైరు మారుస్తున్నాం అన్నంత మామూలుగా అంది: "ఈ నెలాఖర్లో చేసుకుంటున్నాం నాన్నా."

ఎవరనుకున్నారు! ఆఖరి స్టాపు ఎదురుగా ఉన్న రొట్టెల కొట్టాయన. రెండేళ్లుగా ఇది పొద్దున్నే మొదటి ట్రిప్పు అయ్యాక సంచీ నిండా వేడి రొట్టెలు తెస్తుంటే పాపం బస్సు తోలి ఆకలేస్తోందనుకున్నాం. అక్కడే పప్పులో కాలేశాం.

మా ఆవిడ అంది, "మీరీ మాట పాలవాడికి చెప్పారు, మీటరు చూడ్డానికొచ్చినతనికి చెప్పారు, రాంగ్ నంబరు ఫోనొస్తే ఆయనక్కూడా చెప్పారు. నా చెవులు అరిగిపోయాయి. ఇక కాయితం మీద పెట్టుకోండి." అందుకే ఈ నోటుపుస్తకం. నాది ఎనిమిదో తరగతి చదువు. తప్పులుంటే ఉండనీ, చదివేది నేనే కదా.

రాయడానికి కూర్చుంటే కుర్చీ కీచుమంది. రేపు నూనె వెయ్యాలి.

మార్చి 4

కుర్చీకి నూనె వేశాను. అమ్మడి పెళ్లి!

మార్చి 7, శుక్రవారం

తలుపు బందులకు నూనె వేశాను. మంచానికి వేశాను. కిటికీ గడియకు వేశాను. "వంటకు కాస్త మిగిల్చారా, లేక ఈ పూట గడియలే వేయించుకు తిందామా?" అంది ఆవిడ.

అయినా కీచు ఆగలేదు. నేను లేచినప్పుడు ఒకసారి, మెట్టెక్కినప్పుడు ఒకసారి. కుడిపక్క ఎక్కడో. ఎలకపిల్ల అయి ఉంటుంది. పాత ఇళ్లలో ఎలకలు మామూలే. ఈ ఎలకకు మాత్రం నామీద ప్రేమ ఎక్కువ. నేను ఏ గదిలోకి వెళితే ఆ గదిలోకే వస్తుంది.

మార్చి 8

ఎలక కాదు, చెప్పులు. కొత్తవి కొన్నాను.

మార్చి 9

కొత్త చెప్పులూ అదే రకం. ఈ కాలపు సరుకు!

మార్చి 10, సోమవారం

ఆసుపత్రి నుంచి ఫోను. పన్నెండేళ్ల కిందట పింగాణీ తుంటి వేయించుకున్నవాళ్లందరినీ పిలిచి చూస్తున్నారట. ఇన్నేళ్లకు కండా ఎముకా లోపల దాంతో ఎలా సర్దుకుపోయాయో తెలుసుకోవడానికి.

"ఎలా ఉందండీ?" అంది ఫోనులో అమ్మాయి.

"బ్రహ్మాండం!"

"చప్పుడేమైనా వస్తోందా?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి తుంటి మీదికి పోయింది. ఫోనులో కనపడదు కదా, అదే అదృష్టం. ఊరెళుతున్నాను, వచ్చే నెల వస్తానన్నాను. ఈ నెల కదిలే పనే లేదు. పెళ్లి ఉంది.

పన్నెండేళ్ల కిందట తుంటి అరిగిపోయి నేను కర్ర పట్టినప్పుడు, పాతది తీసేసి ఏం పెడతారమ్మా అని ఎముకల డాక్టరమ్మను అడిగాను. "పింగాణీ గుండు, అది తిరగడానికి లోపల పింగాణీ వేసిన గిన్నె" అంది. నాకెంత ఆనందం వేసిందో! ముప్పై ఏళ్లు నేను చేసింది పింగాణీ ఫ్యాక్టరీలోనే. వాష్ బేసిన్లు, కమోడ్లు. బట్టీలోంచి వచ్చిన ప్రతిదాన్నీ చిన్న కొయ్య సుత్తితో కొట్టి, చెవి పెట్టి వినడం నా పని. ఖంగుమంటే మంచిది. దబ్ మంటే లోపల పగులున్నట్టు, దాన్ని పెంకుల కుప్పలోకి విసిరెయ్యడమే. ఈ ఊళ్లో సగం మంది పొద్దున్నే నేను పాస్ చేసినదాని మీదే కూర్చుంటారు. "అయితే మా వాళ్లదేనా అమ్మా?" అంటే, "మీ వాళ్లదే, కాకపోతే పెద్ద చదువులు చదివింది" అంది డాక్టరమ్మ. ఎంతో మెత్తటి పొడిని ఎంతో వేడిలో కాలుస్తారట. ఒంటికి దాంతో పేచీ ఉండదట.

అదే ఏడాది అమ్మడికి ఒక సంబంధం కుదిరి ఉంది. బ్యాంకులో పనిచేసే మనిషి. "నాన్న లేచి నడిచాకే పెళ్లి" అంది అమ్మడు. ఆయన కొన్నాళ్లాగాడు. తర్వాత ఇంకెవరినో చేసుకున్నాడు. అమ్మడు ఒక్క మాటంటే ఒక్క మాట అనలేదు. నా చెయ్యి పట్టుకుని వరండాలో ఆ చివర నుంచి ఈ చివరికి నడిపించింది, "బస్సు బయల్దేరుతోంది, దారివ్వండి" అని నవ్విస్తూ.

ఇప్పుడు తుంటి చప్పుడు చేస్తోందంటే మళ్లీ అదే మాట అంటుంది. నాకు తెలుసు దాని సంగతి.

కాబట్టి ఇది తుంటి కాదు. చెప్పులు.

మార్చి 12, బుధవారం

ఆవిడ బజారుకెళ్లింది. తలుపేసుకున్నాను.

పప్పుగరిటె లాంటి కొయ్య గరిటె ఒకటి దొరికింది. ముందు చెవి సరిగ్గా ఉందో లేదో చూసుకోవాలి కదా. వంటింటి సింకును కొట్టాను, అది నేను ఫ్యాక్టరీలో ఉండగా తెచ్చిందే. ఖంగుమంది. టీ కప్పును కొట్టాను. ఖంగుమంది. తర్వాత చొక్కా పైకెత్తి, ఊపిరి బిగపట్టి, కుడి తుంటి మీద కొట్టాను.

దబ్.

ఇంకోసారి. దబ్. కాస్త పక్కగా. దబ్.

ఈ చెవి ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు.

నొప్పి లేదు. అదొక్కటే మంచిది. నొప్పి లేనప్పుడు ఎవరికీ చెప్పనక్కర్లేదు కదా. నేను చాలా సంతోషంగా ఉన్నాను.

మార్చి 13

చాలా సంతోషంగా ఉన్నాను. అన్నం సయించలేదు, అంతే.

మార్చి 15, శనివారం

అమ్మడు నన్ను రొట్టెల కొట్టుకు తీసుకెళ్లింది. కాబోయే అల్లుణ్ణి దూరం నుంచి చూడటమే తప్ప కూర్చుని మాట్లాడింది లేదు. నడవటం దగ్గరే వచ్చింది చిక్కు. ప్రతి అడుక్కీ దగ్గాను. దగ్గు అయిపోయాక కూనిరాగం తీశాను.

"నాన్నా, ఏంటా పాట?"

"సంతోషం తల్లీ, సంతోషం."

"సంతోషానికి కుడికాలి దగ్గరే తాళం పడుతోందేంటి? బస్సులో ఈ చప్పుడొస్తే నేను బండి డిపోలో పెట్టేసి వస్తాను."

"చెప్పులే" అన్నాను. అది నా కాళ్లవంక చూసింది, నా మొహంవంక చూసింది. ఇంకేమీ అనలేదు. అది ఊరుకుంటేనే నాకు భయం.

కొట్టు భలే ఉంది. లోపల పెద్ద పొయ్యి, పొడవాటి చెక్కబల్ల, గోడ పక్కన తడిబట్టలు కప్పిన పిండి గిన్నెలు. మనిషి గుమ్మం అంత పొడుగు. మాటలు మాత్రం లెక్కపెట్టి వాడతాడు. నేను పది అంటే ఒకటి. "మామయ్యగారూ, కూర్చోండి" అన్నాడు. మామయ్యగారు! ఇంతవరకు నన్నెవరూ పిలవని పిలుపు. ఆ సంబరంలో గబుక్కున లేచి నిలబడ్డాను.

కీచు.

అమ్మడు బయట ఎవరితోనో మాట్లాడుతోంది, వినలేదు. అతను విన్నాడు. తేలు కుట్టిన దొంగలా నేను కిటికీలోంచి రోడ్డు చూశాను.

"రేపు మధ్యాహ్నం కొట్టు మూసేస్తాను. తీరిగ్గా ఉంటాను, ఒక్కరే రండి" అన్నాడు అతను నెమ్మదిగా.

మార్చి 16, ఆదివారం

వెళ్లాను. చెప్పకూడదని గట్టిగా అనుకుని వెళ్లాను. కానీ నా నోట్లో నువ్వుగింజ నానదు. అతను టీ గ్లాసు చేతిలో పెట్టి ఎదురుగా కూర్చున్నాడు. ఏమీ అడగలేదు. అడక్కుండా కూర్చునేవాడి ముందు దాచడం ఎవడి తరం? మొత్తం చెప్పేశాను. చెప్పులు, ఎలక, ఫోను, గరిటె, దబ్.

"బాబూ, లోపల పగిలిపోయింది. పెళ్లయ్యేదాకా ఎలాగో లాగేస్తాను. తర్వాత వాళ్లిష్టం, తీస్తారో మారుస్తారో. నువ్వు మాత్రం అమ్మడికి చెప్పకు. చెబితే ఆగిపోతుంది. ఒకసారి ఆగింది."

"పగిలిందని ఎలా తెలిసింది?"

"చెప్పానుగా! కొడితే దబ్ మంది. ముప్పై ఏళ్ల చెవి బాబూ ఇది."

అతను లేచాడు. అరలోంచి పెద్ద పింగాణీ గిన్నె ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. "ఇది మంచిదేనా చూడండి" అని పిండి కలిపే కొయ్య గరిటె నా చేతికిచ్చాడు.

కొట్టాను. ఖంగ్! గుడిగంట కూడా అంత శుభ్రంగా మోగదు. "నిక్షేపంలా ఉంది. ఫస్టు రకం" అన్నాను.

అతను గిన్నె బోర్లించి, తడిబట్ట తీసి, ఇంత పిండిముద్ద తీసుకున్నాడు. దాన్ని ఆ గిన్నె చుట్టూ మందంగా పరిచి, అంచుల దాకా అద్దాడు. పసిబిడ్డకు దుప్పటి కప్పినట్టు. "ఇప్పుడు కొట్టండి."

కొట్టాను.

దబ్.

మళ్లీ కొట్టాను. దబ్. నేను అతన్ని చూశాను, అతను నన్ను చూశాడు.

"పగిలిందా మామయ్యగారూ?"

దేవుడా! ముప్పై ఏళ్లు నేను కొట్టిందంతా ఒట్టి సరుకు. ఒక్కదానికైనా కండ ఉందా? చర్మం ఉందా? మా ఆవిడ చేతి వంట తిని పెరిగిన పొట్ట ఉందా? ఇంత మాంసం కింద ఉన్నదాన్ని కొట్టి ఖంగుమనలేదని ఏడ్చానే! ఈ చెవి తప్పు చెప్పలేదు. నేనే దానికి తప్పు సరుకు చూపించాను. నవ్వు మొదలైంది. ఆపుకోలేక బల్ల మీద తల పెట్టుకున్నాను, జుట్టంతా పిండి. అతను కూడా నవ్వాడు. నవ్వితే చిన్నపిల్లాడిలా ఉంటాడు.

నవ్వు ఆగాక అన్నాడు, "మంచిగా ఉందని నేను చెప్పట్లేదు. నాకేం తెలుసు, నేను రొట్టెలవాణ్ణి. పగిలిందని మీరు చెప్పడానికి లేదు, అంతే. చూడాల్సినవాళ్లు చూడాలి. రేపే అమ్మడికి చెప్పండి."

"చెబితే పెళ్లి ఆపేస్తుంది బాబూ."

"ఆపితే ఆగుతాను."

"ఎన్నాళ్లు? మళ్లీ ఆపరేషనంటే ఏడాది పట్టొచ్చు."

అతను పిండి గిన్నెలవైపు చెయ్యి చూపించాడు. "అవి పొంగేదాకా ఏం చేస్తాననుకున్నారు? ఆగడమే నా పని మామయ్యగారూ. తొందరపడితే రాయి తయారవుతుంది, రొట్టె కాదు."

నేనింక మాట్లాడలేకపోయాను. నేను మాట్లాడలేకపోయానంటే మా ఆవిడ నమ్మదు.

మార్చి 17, సోమవారం

చెప్పేశాను. భోజనాల దగ్గర, అన్నం కలుపుకుంటూ, ఇద్దరికీ.

అమ్మడు తినడం ఆపలేదు. "పది రోజులైంది నాకు తెలిసి" అంది.

"తెలిసి ఊరుకున్నావా?"

"అడిగితే చెప్పులన్నావు. అప్పుడే బుధవారానికి ఆసుపత్రిలో టైము తీసుకున్నా. నువ్వు చెప్పకపోతే బస్సులో ఎక్కించి ఆ స్టాపులో దింపేద్దామనుకున్నా." అని కళ్లు తుడుచుకుంది. "నాన్నా, నా పెళ్లి కోసం నువ్వు విరిగిన కాలితో తిరుగుతావా? ఆ పెళ్లి నాకెందుకు?"

"విరగలేదే తల్లీ, అల్లుడు చూశాడు."

"అల్లుడు ఎక్స్‌రే ఎప్పుడు నేర్చుకున్నాడు?"

"పిండితో చూశాడు."

తల్లీ కూతుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పిండి కథ చెప్పేసరికి ఆవిడకు నవ్వాగక పొరబోయింది. "నేను బజారుకెళ్లినప్పుడు మీరు చేసింది అదా! గరిటె మీద మీ బనీను నూలుపోగులేంటా అనుకున్నాను. అదే గరిటెతో పులుసు కలిపాను, మీకూ పోశాను."

మరి నీకు చప్పుడు వినపడలేదా అని అడిగాను. "ఎందుకు వినపడదు? మీరు ఏ గదిలో ఉన్నారో తెలుస్తోందని హాయిగా ఉన్నాను" అంది. తర్వాత నీళ్లు తాగే నెపంతో అటు తిరిగింది. ఆవిడకు కూడా భయమే. నాకు తెలుసు.

మార్చి 18

రేపు. అంతా బాగానే ఉంటుంది. బాగా లేకపోయినా అతను ఆగుతానన్నాడు. అయినా బాగుంటే బాగుండును.

మార్చి 19, బుధవారం

ఎక్కణ్ణుంచి మొదలెట్టను!

నలుగురం వెళ్లాం. అల్లుడు కొట్టు మూసి మరీ వచ్చాడు, మోచేతుల మీద ఇంకా పిండి మరకలు. ఫొటోలు తీశారు, రక్తం తీశారు, ఒక పెద్ద డబ్బాలోకి నన్ను తోసి ఇంకేవో తీశారు. డాక్టరమ్మ నన్ను ఇటూ అటూ నడిపించింది. నా తుంటి సిగ్గుపడకుండా ప్రతి అడుక్కీ కీచుమంది. మోకాలు మడిచింది, తిప్పింది. నొప్పా అంది. లేదన్నాను.

అందరూ కూర్చున్నాక వెలుగుపెట్టె మీద రెండు ఫిల్ములు పెట్టింది. ఒకటి పన్నెండేళ్ల కిందటిది, ఒకటి ఇవాళ్టిది.

"మీరు సరుకు చూసే మనిషి కదా. పాతదాంట్లో గిన్నె వెనకాల సన్నటి నల్లగీత కనిపిస్తోందా? అది గిన్నెకీ ఎముకకీ మధ్య సందు. ఇప్పుడు కొత్తదాంట్లో ఆ గీత చూపించండి."

కళ్లజోడు తుడుచుకుని వెతికాను. అమ్మడు వెతికింది. అల్లుడు వంగి మరీ వెతికాడు. గీత లేదు.

"లేదమ్మా" అన్నాను.

"లేదు కదా! గిన్నె వెనకాల ఎముకలో ఉండే సున్నం లాంటిదే పూత ఉంది. మీ ఎముక దాని మీదికి పాకి, సందంతా నింపేసింది. పరాయి వస్తువు లోపలికొస్తే ఒళ్లు ఊరుకోదు. వాచి కొట్లాడుతుంది, లేకపోతే చుట్టూ గట్టి పొర కట్టి దూరం పెడుతుంది. మీ ఒంట్లో వాపు లేదు, నీరు లేదు, పొర లేదు. గుండుకి పగులు లేదు, గిన్నెకి పగులు లేదు. పన్నెండేళ్లకి ఇంత కలిసిపోవడం నాకూ సంతోషంగా ఉంది."

"మరి ఆ కీచు?"

"పింగాణీ మీద పింగాణీ తిరుగుతుంటే కొందరికి వస్తుంది. కొన్నిసార్లు అది లోపల తేడాకి గుర్తు, అందుకే వినగానే రావాలి, చెప్పులు కొనుక్కోకూడదు." అమ్మడు చెప్పేసింది కాబోలు. "మీకు తేడా ఏమీ కనిపించలేదు. ఏడాదికోసారి రండి. నొప్పి వచ్చినా, చప్పుడు మారినా, ఆ రోజే రండి."

అంటే మార్చక్కర్లేదా? అక్కర్లేదు. పెళ్లికి మెట్లెక్కొచ్చా? ఎక్కొచ్చు. ఎక్కిన తర్వాత గెంతొచ్చా? "డెబ్బై మూడేళ్లకి గెంతడం ఎందుకండీ" అంది. అది వద్దని చెప్పడం కాదు కదా.

అప్పుడు మా ఆవిడ నోరు విప్పింది. "అమ్మా, ఆ గరిటె సంగతి కూడా వినండి." వద్దు వద్దంటున్నా మొత్తం చెప్పింది. డాక్టరమ్మ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి మరీ నవ్వింది. నవ్వి నవ్వి పక్క గది నర్సును పిలిచి, "ఇంకోసారి చెప్పండి" అంది. పిండి గిన్నె దాకా వచ్చేసరికి మాత్రం నవ్వడం ఆపి అల్లుడివంక చూసింది. "ఇది నేను చదువుకునే పిల్లలకి చెబుతాను, మీకు అభ్యంతరం లేకపోతే." అతను చెవులదాకా ఎర్రబడి నేల చూశాడు.

లేచి వచ్చేస్తుంటే మా ఆవిడ గుమ్మంలో ఆగి అంది, "డాక్టరమ్మా, ఒళ్లు పరాయిదాన్ని కలుపుకుందా లేదా చూసే మిషను ఉంది కదా. పన్నెండేళ్ల తర్వాత మా అల్లుణ్ణి తీసుకొస్తాం, మా ఇంట్లో సందు ఏమైనా మిగిలిందేమో చూద్దురుగాని."

"ఆ సందు ఇప్పుడే కనపడట్లేదండీ" అంది డాక్టరమ్మ.

బయట వరండాలో అమ్మడు నన్ను పట్టుకుని కాసేపు వదల్లేదు. డ్రైవరు చేతులు, పక్కటెముకలు నలిగాయి. హాయిగా ఉంది.

మార్చి 20

పగులు లేదు! పాలవాడికి చెప్పాను.

మార్చి 23

నిన్న మీటరతనికి కూడా చెబుదామని చూశాను. ఈ నెలకు రాడట.

మార్చి 28, శుక్రవారం

అయింది!! నా కూతురి పెళ్లి అయింది!!

రిజిస్ట్రారు ఆఫీసు రెండో అంతస్తు. లిఫ్టు ఉంది, నేనెక్కలేదు. మెట్లే ఎక్కాను, కీచు కీచుమంటూ, తల పైకెత్తుకుని. ఎదురొచ్చినవాళ్లందరికీ, "పింగాణీ అండీ, పగులు లేదు" అని చెప్పుకుంటూ ఎక్కాను. ఆవిడ వెనక నుంచి, "మొదట పెళ్లికూతురి సంగతి చెప్పండి, తర్వాత తుంటి సంగతి చెబుదురుగాని" అంటోంది.

అమ్మడు నీలం చీర కట్టుకుంది. అల్లుడు తెల్లచొక్కా, ఎంత దులిపినా మెడ దగ్గర కాస్త పిండి. ఆఫీసరు చాలా పద్ధతైన మనిషి. అందరినీ నిశ్శబ్దంగా ఉండమని చెప్పి కాయితాలు ముందుకు జరిపాడు. గదిలో పిట్ట కూడా కదల్లేదు. అమ్మడు కలం తీసుకుంది. సంతకం పెట్టడం చూడాలని నేను ఒక్క అడుగు, ఒక్కటంటే ఒక్కటి, ముందుకు వేశాను.

కీచ్.

ఆఫీసరు ఉలిక్కిపడి బల్ల కిందికి చూశాడు. "ఏంటా చప్పుడు?"

అమ్మడు తలెత్తలేదు. సంతకం పూర్తి చేస్తూనే అంది. "ఏం లేదండీ. మా నాన్న. సంతోషం ఆగట్లేదు."

గదంతా నవ్వింది. ఆఫీసరు కూడా. నేను మాత్రం ఏడ్చాను. ఆవిడ కొంగు ఇచ్చింది, తన కన్నీళ్లతో అప్పటికే తడిసిన కొంగు.

మార్చి 29, శనివారం

ఇల్లు కొంచెం నిశ్శబ్దంగా ఉంది. పైగా అమ్మడికి నా చెప్పుల పక్కన బూట్లు విప్పే అలవాటు, ఆ చోటు ఖాళీగా ఉంది. దిగులేం కాదు. రెండు వీధుల అవతలే కదా.

పొద్దున్నే లేచి నడుచుకుంటూ రొట్టెల కొట్టుకు వెళ్లాను. అల్లుడు పొయ్యి దగ్గర అటు తిరిగి పనిలో ఉన్నాడు, పొయ్యి హోరులో మామూలు అడుగుల చప్పుడు వినపడదు. నేను బయటి మెట్టెక్కాను, అంతే, ఇంకా గుమ్మం దాటలేదు. నోరు కూడా తెరవలేదు.

"రండి మామయ్యగారూ" అన్నాడు, వెనక్కి తిరక్కుండానే. "కుర్చీ వేసి ఉంచాను."